సోలాపూర్‌లో హీటరెందుకు అన్నారు



ఈసారి మల్బరీ ఎరువుల గురించీ, గూళ్ల ధర గురించీ రాయడం లేదు. మా పాత పికప్ బండి హీటరు రిపేరు గురించి రాస్తున్నాం. పట్టు గ్రూపులో బండి కథ ఏంటని అనుకోకండి. ఆ హీటరు వల్లే మాకు ఒక పంట గుడ్లు పాడయ్యాయి, ఒక తట్ట చాకీ పురుగులు పోయాయి, ఒక రాత్రి మా ప్రాణాలు పోయేంత పనైంది. మీలో చాలామంది బండ్లలో అదే హీటరు, అదే జబ్బుతో ఉండొచ్చు. అందుకే వివరంగా రాస్తున్నాం. తీరిగ్గా చదవండి.

*ఆ రాత్రి అద్దం*

మొన్న డిసెంబర్‌లో గూళ్ల లోడుతో రామనగరం బయల్దేరాం. సోలాపూర్ నుంచి విజయపుర, హోసపేట, చిత్రదుర్గ మీదుగా ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. గూళ్లు వేడెక్కకూడదు కాబట్టి మేమెప్పుడూ రాత్రి ప్రయాణమే పెట్టుకుంటాం. చలిగా ఉందని అద్దాలు ఎత్తేశాం, హీటరు పెట్టాం.

విజయపుర దాటిన కాసేపటికి ముందద్దం లోపల మసకేసింది. తువ్వాలుతో తుడిచాం. తుడిచిన కొద్దీ ఇంకా జిడ్డుగా పరుచుకుంది. ఎదురుగా వచ్చే లైట్లు ఆ జిడ్డు మీద పడి అద్దమంతా తెల్లగా అయిపోతోంది. కేబిన్‌లో బెల్లం పాకం మాడినట్టు తియ్యటి వాసన. ఎడమవైపు కాళ్ల కింద మ్యాటు తడిగా ఉంది. నీళ్ల సీసా ఒలికిందేమో అనుకున్నాం. సీసా నిండుగానే ఉంది.

అది చెరకు కోతల కాలం. ఆ దారంతా చెరకు ట్రాక్టర్లే. ఒక ట్రాక్టరు రెండు ట్రాలీలు తగిలించుకుని, వెనక ఒక్క లైటు గానీ, మెరిసే స్టిక్కరు గానీ లేకుండా పోతోంది. మాకు కనబడేసరికి బాగా దగ్గరకొచ్చేశాం. బండి నడిపే మా తమ్ముడు బ్రేకు మీద నిలబడ్డాడు. ఆగాక చూస్తే ట్రాలీ బయటికి పొడుచుకొచ్చిన చెరకు గడలు మా అద్దానికి రెండు మూరల దూరంలో ఉన్నాయి. ముగ్గురం ఉన్నాం కేబిన్‌లో. కాసేపు ఎవరికీ మాట రాలేదు.

ఇంకొంచెం దూరం పోయేసరికి ఇంజను వేడి ముల్లు పైకి లేచింది. ధాబా దగ్గర ఆపి, ఇంజను చల్లారేదాకా కూర్చున్నాం. రేడియేటర్‌లో నీళ్లు సగానికి వచ్చాయి. కిందేమో ఒక్క చుక్క కారలేదు. పక్కనే ఉన్న మెకానిక్‌ను లేపితే పాపం వచ్చి చూశాడు. హీటరుకు పోయే రెండు పైపులు ఊడదీసి, ఒకదానికొకటి ముక్క పైపుతో కలిపేశాడు. నీళ్లు నింపాడు. "ఇక హీటరు లేదనుకోండి, ఊరికి పొండి" అన్నాడు. అద్దం సబ్బునీళ్లతో కడిగి, పాత పేపరుతో ఆరదుడిచి, కిటికీలు దించుకుని, చలికి వణుక్కుంటూ పోయాం. తెల్లారేసరికి చేరాల్సినవాళ్లం మధ్యాహ్నానికి చేరాం.

*ఎండల ఊళ్లో హీటరా?*

తిరిగొచ్చాక సోలాపూర్‌లో ఎవరిని అడిగినా ఒకటే మాట. "వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో హీటరెందుకు? పైపు కలిపేసిండు గదా, అట్లనే ఉంచుండ్రి." మేమూ సగం ఒప్పుకున్నాం. మా గల్లీలో ఉన్న పెద్ద మెకానిక్ మాత్రం ఒప్పుకోలేదు.

మా గల్లీ గురించి రెండు మాటలు. మేం సోలాపూర్ తూర్పు భాగం వాళ్లం. మా తాతలు, ముత్తాతలు తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు పెట్టారు. ఆ తర్వాత మిల్లులు, చేమగ్గాలు, పవర్‌లూములు, ఇట్లా తరం తరం నేత మీదే బతికాం. సోలాపూర్ చద్దరు, టవలు మీకందరికీ తెలిసినవే. మగవాళ్లు లూముల మీద, ఆడవాళ్లు ఇంటి గడప దగ్గర బీడీల చాట ముందు. మా అమ్మలు, అత్తలు చుట్టిన బీడీలతోనే మా బడి ఫీజులు కట్టారు. ఇప్పుడు మాలో కొందరం పక్క తాలూకాల్లో పొలం కౌలుకు తీసుకుని మల్బరీ వేశాం. తాతలు నూలు నేసిన ఇంట్లోంచి మేం పట్టుగూళ్లు పండిస్తున్నాం. బండి మాత్రం ఈ గల్లీలోనే, లూము షెడ్డు గోడ పక్కనే పెడతాం. ఈ వివరాలన్నీ హీటరు కథకు కావాలి కాబట్టే చెబుతున్నాం.

మెకానిక్‌ను మేం కాకా అంటాం. వాళ్ల నాయన పవర్‌లూములో జాబరు. అంటే మగ్గం చెడితే బాగుచేసే మనిషి. కాకాదీ అదే తీరు. లూము ఆగితే ముందు పోగు ఎక్కడ తెగిందో చూడాలి, చూడకుండా సుత్తి పట్టుకోవద్దు అంటాడు. బండి చూసి, పైపుల ముక్క చూసి, "రోడ్డు మీద ఆ పిల్లగాడు చేసింది మంచిదే, మిమ్మల్ని ఇంటికి చేర్చిండు. కానీ ఇది కట్టు. మందు కాదు" అన్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. "బిడ్డా, గుడ్ల పెట్టె ఈ బండిల యాడ పెడ్తరు?"

మేం ఎడమ సీటు కింద, కాళ్లు పెట్టే చోటు చూపించాం. ఎండ తగలదు, కుదుపు ఉండదు, అందుకే అక్కడ పెడతాం అన్నాం. కాకా వంగి, సరిగ్గా ఆ చోటికి ఎదురుగా ఉన్న హీటరు గాలి రంధ్రం మీద చెయ్యి పెట్టాడు. "అయితే మీ గుడ్లను పొయ్యి ముందర కూసోబెట్టిండ్రు" అన్నాడు.

*మేం నింద వేసిన రెండు పంటలు*

సెప్టెంబర్‌లో తెచ్చిన 200 గుడ్ల పంట మాకు సరిగా పగల్లేదు. ఒక్కో గుడ్డుకు, అంటే ఒక తల్లి పెట్టిన గుడ్ల జట్టుకు, 400 నుంచి 500 పిల్లలు రావాలి. 200 అంటే లెక్కకు 80 వేల పైచిలుకు ప్రాణాలు. ఒకేరోజు పొద్దున పగలాల్సినవి మూడు రోజులు ఆగి ఆగి పగిలాయి. చాలా గుడ్లు అసలు పగల్లేదు. పిల్లలు ఎగుడుదిగుడుగా పెరిగితే ఆకు వేయడం, జ్వరానికి పెట్టడం, అన్నీ చెడిపోతాయని మీకు చెప్పక్కర్లేదు. గుడ్లు ఇచ్చినవాళ్ల దగ్గరికి పోయి గట్టిగా మాట్లాడి వచ్చాం.

నవంబర్‌లో గుడ్లు వద్దనుకుని చాకీ పురుగులే తెచ్చుకున్నాం. వెనక జాగా చాలక ఒక తట్ట కేబిన్‌లో పెట్టుకున్నాం. ఇంటికొచ్చి ఆకు వేస్తే వెనక తెచ్చిన తట్టలన్నీ బాగా తిన్నాయి. కేబిన్ తట్టలోని పురుగులు మాత్రం తల, రొమ్ము పైకెత్తి కదలకుండా ఉండిపోయాయి. కొన్ని గోధుమరంగు రసం కక్కాయి. రెండో రోజుకు ఆ తట్ట మొత్తం పారేశాం. అప్పుడు చాకీ ఇచ్చినవాళ్ల మీద అనుమానపడ్డాం. ఒకే చోటి పురుగులు, ఒకే ఆకు, ఒక్క తట్టకే ఎందుకైంది అని ఆలోచించలేదు.

ఈ రెండు పంటల సంగతి చెబితే కాకా ఏమీ అనలేదు. "ముందు డబ్బా విప్పుదం" అన్నాడు.

*హీటరు ఎట్లా పనిచేస్తుంది*

బండి హీటరుకు కరెంటు పొయ్యి ఏమీ ఉండదు. ఇంజనును చల్లబరిచే నీళ్లు తిరిగి తిరిగి 80, 90 డిగ్రీల వేడికి వస్తాయి. ఆ వేడి నీళ్లలో కొంత భాగం రెండు రబ్బరు పైపుల ద్వారా కేబిన్ లోపలికి వస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక ఒక డబ్బాలో చిన్న రేడియేటర్ ఉంటుంది. దాన్ని మన దగ్గర హీటరు కాయిల్ అంటారు. ఒక పైపులో నీళ్లు వచ్చి, కాయిల్‌లో తిరిగి, రెండో పైపులో ఇంజనుకు వెళ్లిపోతాయి. వెనక నుంచి బ్లోయరు ఫ్యాను గాలి కొడితే, ఆ గాలి వేడెక్కి అద్దం మీదికో, కాళ్ల దగ్గరికో వస్తుంది. పాత బండ్లలో ఆ నీళ్లకు ఒక కుళాయి ఉంటుంది, దాన్ని కేబులు తీగతో తిప్పుతాం. అంతే హీటరు.

ఇందులోంచి మూడు విషయాలు తెలుసుకోవాలి.

ఒకటి, హీటరు కాయిల్ కారితే ఇంజను నీళ్లే పోతాయి. నేల మీద చుక్క కనబడదు, ఎందుకంటే కారేది కేబిన్ లోపల. హీటరు వాడని వాళ్లకు కూడా ఇంజను దీనివల్ల పోవచ్చు.

రెండు, చలికాలం, వానాకాలం అద్దం మసక పోగొట్టేది ఈ వేడిగాలే. ఏసీ లేని బండిలో ముఖ్యమైన దారి ఇదే. సోలాపూర్‌లో చలి లేకపోవచ్చు, మనం పోయే రాత్రి దారిలో ఉంటుంది.

మూడు, కుళాయి సరిగా మూయకపోతే ఫ్యాను ఆపినా వేడి ఆగదు. బండి పరుగుకు బయటి గాలి దానంతటదే లోపలికి తోసుకొస్తుంది, వేడి కాయిల్ దాటి, కాళ్ల దగ్గరికి. మా బండిలో ఎప్పుడూ కాళ్లు వెచ్చగా ఉండేవి. పాత డీజిల్ బండి గదా, ఇంజను సెగ అనుకునేవాళ్లం.

*విప్పకముందు చేసిన పరీక్షలు*

కాకా మొదట రోడ్డు మీద కలిపిన ముక్క తీసి పైపులు మళ్లీ హీటరుకే పెట్టాడు, పరీక్ష కోసం. ఈ పరీక్షలు మీరూ చేసుకోవచ్చు, పానా కూడా అక్కర్లేదు.

1. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్లు చూడాలి. వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి వస్తాయి. ఇది మాత్రం ఎప్పుడూ మరవకండి.

2. ఇంజను స్టార్టు చేసి, హీటరు పూర్తి వేడి మీద పెట్టి, పది పదిహేను నిమిషాలాగి రెండు హీటరు పైపులు జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ వేడిగా ఉండి కేబిన్‌లో గాలి చల్లగా వస్తే తప్పు గాలి వైపు ఉంది, అంటే ఫ్యానో, లోపలి రెక్కో. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే కాయిల్ పూడిపోయిందనో, కుళాయి మూసుకుపోయిందనో, లోపల గాలి చిక్కిందనో అర్థం. రెండూ చల్లగా ఉంటే నీళ్లు తక్కువున్నాయి, లేదా ఇంజనే వేడెక్కడం లేదు.

3. ఇంజను వేడెక్కకపోతే థర్మోస్టాట్ చూడాలి. రేడియేటర్ పై పైపు స్టార్టు చేసిన మొదటి నిమిషం నుంచే మెల్లగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది, లేదా అసలు లేదు. మా బండిలో లేదు. ముందటి ఓనరు తీసేయించాడట. ఎండ ప్రాంతాల్లో చాలామంది మెకానిక్‌లు ఇది తీసి పారేస్తారు, ఇంజను చల్లగా ఉంటుందని. ఇంజనుకు మరీ చల్లదనం కూడా మంచిది కాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

4. కుళాయి మూసి, ఫ్యాను ఆపి, పైపులు మళ్లీ తాకాలి. లోపలికి పోయే పైపుకూ తిరిగొచ్చే పైపుకూ ఒకే వేడి ఉంటే కుళాయి మూయడం లేదన్నమాట. మాది అదే. కేబులు తుప్పుపట్టి సగంలో ఇరుక్కుంది. లోపల మీట కదులుతుంది, కుళాయి కదలదు.

5. ఫ్యాను చివరి స్పీడులో మాత్రమే తిరిగితే మోటారు మంచిదే, దాని రెసిస్టరు పోయింది. అది చిన్న సామాను. ఏ స్పీడులోనూ తిరక్కపోతే ముందు ఫ్యూజు చూడండి.

6. తియ్యటి వాసన, జిడ్డు మసక, ఎడమవైపు తడి మ్యాటు, కనబడకుండా తగ్గే నీళ్లు. ఈ నాలుగింటిలో రెండు కలిసి కనబడితే కాయిల్ కారుతోందని నమ్మండి.

*డబ్బా విప్పితే*

అసలు కష్టం హీటరులో లేదు, దాని దగ్గరికి పోవడంలో ఉంది. డ్యాష్‌బోర్డు సగం విప్పాలి. కాకా ప్రతి స్క్రూనూ విప్పిన వరుసలోనే అట్టముక్క మీద గుచ్చి పెట్టాడు. వైర్లు ఊడదీసే ముందు మా ఫోన్‌తో ఫోటోలు తీయించాడు. బ్యాటరీ నెగెటివ్ తీగ ముందే తీశాడు. నీళ్లు తొట్టిలోకి దించాడు, నేల మీద వదల్లేదు. ఎందుకంటే కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు నాకితే చచ్చిపోతాయి.

డబ్బా బయటికి తీసి మూత విప్పేసరికి రెండు చేతుల నిండా చెత్త వచ్చింది. పైపొర తెల్లగా, మెత్తగా, పరుపు దూదిలా ఉంది. అది మా గల్లీదే. లూము షెడ్డు నుంచి లేచే నూలు ధూళి. ముందద్దం కింది జాలీ లోంచి సంవత్సరాల తరబడి లోపలికి పోయి, కాయిల్ రెక్కల మీద గడ్డకట్టింది. దాని కింద ఇంకో పొర ఉంది. గోధుమరంగు పొడి.

కాకా వేలికి రాసుకుని వాసన చూసి మా వైపు చాపాడు. చూడక్కర్లేకుండానే తెలిసింది. మా ఇళ్లలో పుట్టి పెరిగిన వాసన అది. బీడీ తంబాకు.

మేం కొనకముందు ఈ బండి బీడీ పనికి తిరిగింది. తంబాకు సంచులు, కట్టలు. వెనక నిండితే ముందు సీటులో కూడా పెట్టి ఉంటారు. సీట్లు, మ్యాట్లు మేం కడిగాం గానీ డబ్బా లోపలికి ఎవరు చూస్తారు? ఫ్యాను వేసిన ప్రతిసారీ ఆ పొడి కేబిన్‌లోకి వస్తూనే ఉంది.

తంబాకులోని నికోటిన్ పట్టుపురుగుకు విషం. తంబాకు చేను పక్కన మల్బరీ వేయకూడదని మనకు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పురుగు తల ఎత్తి బిగుసుకోవడం, తిండి మానడం, రసం కక్కడం, ఇవన్నీ ఆ విషం గుర్తులే. నవంబర్‌లో కేబిన్ తట్టకు మాత్రమే ఎందుకైందో అప్పుడు తెలిసింది. చిన్న పురుగులు, తెరిచిన తట్ట, ముందర ఆ గాలి. ఇక సెప్టెంబర్ గుడ్లు. ఇంటికొచ్చేదాకా మూయని కుళాయి సెగ ముందు కూర్చున్నాయి. గుడ్లకు కావాల్సింది 25 డిగ్రీలు. కాకా చెప్పాక మేమే ఒక థర్మామీటరు ఆ చోట పెట్టి, కుళాయి బాగుచేయకముందు గంటసేపు నడిపి చూశాం. ముల్లు 40 దాటింది.

ఇద్దరికీ ఫోన్ చేశాం, గుడ్లు ఇచ్చినవాళ్లకు, చాకీ ఇచ్చినవాళ్లకు. తప్పు మాదేనని చెప్పాం. ఒకరు నవ్వారు. ఒకరు, "అన్నా, ఈ మాట నలుగురికీ చెప్పండి, మాకు అదే చాలు" అన్నారు. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.

*కాకా చేసిన రిపేరు*

కాయిల్: మాది పాత రకం ఇత్తడి కాయిల్. ఒక మూతి మూసి, రెండో మూతిలోంచి మెల్లగా గాలి ఊది, నీళ్ల బకెట్‌లో ముంచి చూశాడు. సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే. మూల అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. రేడియేటర్ షాపులో టంకం పెట్టించాం. అల్యూమినియం కాయిల్ అయితే అతుకులు నమ్మొద్దు, కొత్తదే వేయించుకోండి అన్నాడు. కారుడు ఆపే పొడులు, ద్రవాలు రేడియేటర్‌లో పోయొద్దని కూడా చెప్పాడు. అవి కారేచోటుతో పాటు సన్న దారులను కూడా మూసేస్తాయి.

పూడిక: కాయిల్ లోపల సున్నం గడ్డలు ఉన్నాయి. ఇన్నాళ్లూ బోరు నీళ్లు పోసిన ఫలితం. నీళ్లు బయటికి వచ్చే మూతి వైపు నుంచి, అంటే ఉల్టా, సన్న ధారతో నీళ్లు పంపి కడిగాడు. మోటారు ప్రెషరు పెడితే పాత కాయిల్ పగులుతుంది.

కుళాయి, కేబులు: రెండూ కొత్తవి. మూసినప్పుడు పూర్తిగా మూస్తోందా అని బిగించకముందే నోటితో ఊది చూశాడు.

పైపులు: వేడినీళ్లకు పనికొచ్చే హీటరు హోసే వాడాలి. గ్యాసు పైపు, తోట పైపు కొన్నాళ్లకు మెత్తబడి దారిలో ఊడిపోతాయి. నాలుగు క్లిప్పులూ మార్చాం.

డబ్బా, ఫ్యాను: ఇది మాకు అన్నిటికంటే ముఖ్యమైన పని. పొడి బ్రష్ వాడితే తంబాకు ధూళి లేస్తుంది. అందుకని ముందు వ్యాక్యూమ్‌తో పీల్చి, తర్వాత సబ్బునీళ్ల తడిగుడ్డతో మూడుసార్లు తుడిచి, ఎండలో ఆరబెట్టాం. గాలి గొట్టాలన్నీ కూడా అంతే. చెత్తను సంచిలో కట్టి పారేశాం. మల్బరీ చేను వైపు గానీ, షెడ్డు వైపు గానీ తీసుకుపోలేదు. ముందద్దం కింది జాలీకి లోపలి నుంచి సన్నటి స్టీలు మెష్ బిగించాం, నూలు ధూళి ఆగడానికి. నెలకోసారి దాన్ని తుడుస్తున్నాం.

థర్మోస్టాట్: కొత్తది వేశాం. వేయకముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి చూశాడు. 80 డిగ్రీల పైన, దాని మీద రాసి ఉన్న వేడికి తెరుచుకుంది, చల్లారితే మూసుకుంది. మీరూ ఇంట్లో చూడొచ్చు, వంట గిన్నె మాత్రం వాడకండి.

నీళ్లు నింపడం: కూలెంటు, బ్యాటరీకి పోసే శుద్ధమైన నీళ్లు సగం సగం. బోరు నీళ్లు వద్దు. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా మిట్ట మీద పెట్టి, చల్లని ఇంజనుతో, మూత తెరిచే ఉంచి, హీటరు పూర్తి వేడి మీద పెట్టి స్టార్టు చేశాడు. లోపల చిక్కిన గాలి బుడగలుగా బయటికి వస్తుంది. నీళ్లు దిగిన కొద్దీ పోస్తూ, బుడగలు ఆగాక మూత బిగించాడు. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూస్తే అరలీటరు పట్టింది. ఈ రెండోసారి చూడటం చాలామంది మరిచిపోతారు. గాలి చిక్కుంటే రిపేరు అంతా బాగున్నా హీటరు చల్లగానే ఉంటుంది.

బండి రెండు రోజులు ఆగింది. సామానుకంటే విప్పి బిగించిన కూలే ఎక్కువైంది. అయినా పారేసిన ఒక్క పంటతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

*పైపు కలిపేస్తే సరిపోదా?*

దారిలో తప్పనిసరైతే కలపండి. ఇంటికి చేరడానికి అది మంచి ఉపాయం. కలపాలే గానీ, రెండు మూతులకూ బిరడాలు కొట్టొద్దు. కొన్ని ఇంజన్లలో ఆ దారిలో నీళ్లు తిరగాల్సిందే. కలిపిన బండితో రాత్రి చలిలో దూరం పోవద్దు. ఇంకో సంగతి. లోడుతో ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కితే హీటరు పూర్తిగా తెరిచి, ఫ్యాను పెట్టి, కిటికీలు దించండి. ఇంజను వేడి కొంత కేబిన్ గుండా బయటికి పోతుంది. ఆపడానికి మంచి జాగా దొరికేదాకా ఇంజను నిలబడుతుంది. నీళ్లు పూర్తిగా పోయిన ఇంజనుకు మాత్రం ఇది పనికిరాదు, అక్కడే ఆపేయాలి.

*గుడ్లు, చాకీ తెచ్చేవాళ్లకు మా నియమాలు*

ఇప్పుడు మా బండి డ్యాష్‌బోర్డు మీద అట్టముక్క అంటించాం. అందులో ఉన్నవి ఇవి.

గుడ్ల పెట్టె కాళ్ల దగ్గర, ఇంజను గోడ దగ్గర పెట్టవద్దు. సీటు మీద మనిషి ఒళ్లో గానీ, పక్కన గానీ, గాలి ఆడే పెట్టెలో. ప్లాస్టిక్ కవరులో కట్టవద్దు.

పెట్టె పక్కనే థర్మామీటరు. 25 డిగ్రీల దగ్గర ఉండాలి. 28 దాటితే బండి నీడలో ఆపి కిటికీలు తెరవాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడో, సాయంత్రం ఎండ తగ్గాకో ప్రయాణం.

పాత బండి కొంటే ముందు ఏం మోసిందో అడగాలి. తంబాకు, పురుగుమందులు, ఎరువులు మోసిన బండి అయితే హీటరు డబ్బా, గాలి గొట్టాలు విప్పి కడగకుండా పురుగు ఎక్కించవద్దు.

కేబిన్‌లో బీడీ, సిగరెట్, జర్దా వద్దు. డ్రైవరు ఎవరైనా సరే.

ఇంట్లో బీడీ పని ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా. అది మన తల్లుల కూడు, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. కానీ ఆ చేతులతో, ఆ బట్టలతో పురుగుల షెడ్డులోకి పోవద్దు. స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని పోవాలి. చాకీ తట్టలు బీడీ చాట ఉన్న గదిలో ఒక్క గంట కూడా దించవద్దు.

రిపేరు తర్వాత జనవరిలో, గడ్డా జాతర అయిపోయిన వారంలో, మళ్లీ 200 గుడ్లు తెచ్చాం. అదే బండి, అదే డ్రైవరు తమ్ముడు, ఈసారి పెట్టె వాడి పక్కన సీటు మీద. థర్మామీటరు దారంతా 24కు, 26కు మధ్య ఉంది. గుడ్లు ఒకే పొద్దున పగిలాయి. ఆ పొద్దున మా షెడ్డుకు కాకాను తీసుకుపోయి చూపించాం. చీమల్లా కదులుతున్న పిల్లలను చూసి, జేబులోంచి తన బీడీ కట్ట తీసి బయట గోడ మీద పెట్టి, చేతులు కడుక్కుని మళ్లీ లోపలికి వచ్చాడు.

మీ బండ్లలో కాళ్లు వెచ్చగా ఉంటున్నాయా? అద్దం జిడ్డుగా మసకేస్తోందా? ఈ వారమే చూసుకోండి. అనుమానం ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, హీటరు పైపులకు దగ్గరగా ఒక ఫోటో కూడా పంపండి. కాకాకు వినిపించి, ఆయన చెప్పింది మళ్లీ గ్రూపులో పెడతాం.

ఇట్లు,
సోలాపూర్ నుంచి మీ పట్టు రైతులం